వెల్ష్ పోనీ చలికాలపు బొచ్చు దించడానికి కొన్న సామాన్లు: ఏది పనికొచ్చింది, ఏది రాలేదు

ఒక్క వస్తువుకే డబ్బుంటే రబ్బరు కర్రీ కోంబ్ కొనండి. అరచేతిలో పట్టేంత కోలగా ఉంటుంది. వెనక చెయ్యి దూర్చుకోవడానికి పట్టీ, ముందు వరసలుగా పొట్టి రబ్బరు పళ్లు. ఇక్కడ గుర్రపు సామాను అమ్మే ఏ షాపులోనైనా ఐదారు పౌండ్లకు దొరుకుతుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మేము వాడిన వాటిలో ఎక్కువ పని చేసింది ఇదే. దీనికి నాలుగైదు రెట్లు పెట్టి కొన్నవి కొన్ని ఇప్పుడు డబ్బా అడుగున ఉన్నాయి.

మేముండేది ఇంగ్లండ్‌లో ష్రూస్‌బరీ పక్కన, వేల్స్ సరిహద్దుకు దగ్గర. మా అమ్మాయి హారికకు పన్నెండేళ్లు. కొనే స్తోమత లేక లోన్ మీద ఒక పోనీని (పొట్టి జాతి గుర్రాన్ని) తీసుకున్నాం. అంటే సొంతం వేరేవాళ్లది, పెంపకం ఖర్చు మాది. పేరు సెరెన్. వెల్ష్ సెక్షన్ సి జాతి ఆడది. ఒళ్లంతా ముదురు గోధుమ రంగు, జూలూ తోకా నలుపు, నాలుగు కాళ్లూ మోకాళ్ల దాకా తెలుపు. సెక్షన్ సి అంటే ఎత్తు 13.2 హ్యాండ్స్ (గుర్రాల ఎత్తు కొలత), అంటే 137.2 సెంటీమీటర్లు మించని, కాబ్ అనే దిట్టమైన రకం పోనీ. చిన్నదే అయినా ఛాతీ, మెడ దిట్టంగా ఉంటాయి. బ్రిటన్, ఐర్లండ్‌ల సొంత పోనీ జాతుల్ని కలిపి మౌంటెన్ అండ్ మూర్‌ల్యాండ్ అంటారు. ఎక్స్‌మూర్, డార్ట్‌మూర్, న్యూ ఫారెస్ట్, డేల్స్, ఫెల్, హైలాండ్, షెట్లాండ్, కానెమారా, ఎరిస్కే, వెల్ష్‌లో నాలుగు సెక్షన్లు అన్నీ ఇందులోవే. షో రింగులో, అంటే జడ్జి ముందు పోనీని చూపించే పోటీలో, వీటిని చూసే పద్ధతే వేరు. జూలుకు జడలు వేయరు. తోక కత్తిరించరు. రంగు రంగుల నుదుటి పట్టీ పెట్టరు. పోనీ తన జాతి రూపంలో కనపడాలి, అయినా అద్దంలా మెరవాలి. ఈ రెండూ కలిసి రావడమే కష్టం.

మన తెలుగువాళ్ల పిల్లలు కూడా ఇక్కడ స్వారీ నేర్చుకుంటున్నారు. మొదటి చలికాలం దాటగానే అందరూ అడిగేది ఒకటే: మార్చి చివర షో ఉంది, పోనీ మాత్రం ఎలుగుబంటిలా ఉంది, ఏం కొనాలి? వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

కొనే ముందు బొచ్చు ఎందుకు రాలుతుందో తెలుసుకోవాలి. లేకపోతే షాపులో చూపించినదల్లా కొంటాం. ఎండాకాలం వస్తోందని, వెచ్చబడిందని బొచ్చు రాలుతుందని మనం అనుకుంటాం. అసలు లెక్క వెలుతురుది. డిసెంబర్ 21 ప్రాంతంలో మా దగ్గర పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు. ఆ తర్వాత రోజూ కాస్త కాస్త పెరుగుతుంది. ఆ పెరుగుదలను పోనీ కళ్లు పట్టుకుంటాయి. మెదడులో మెలటోనిన్ అనే హార్మోన్ తయారయ్యే సమయం తగ్గుతుంది, ప్రొలాక్టిన్ అనే ఇంకో హార్మోన్ పెరుగుతుంది, పాత వెంట్రుక వేళ్లు వదులవుతాయి. అందుకే బయట మంచు పడుతున్నా జనవరి చివరికల్లా చేతికి వెంట్రుకలు అంటడం మొదలవుతుంది. చలి, తిండి, వయసు కూడా కొంత ప్రభావం చూపిస్తాయి కానీ పెత్తనం వెలుతురుదే. ఏ బ్రష్షూ వదులుకాని వెంట్రుకను పద్ధతిగా తీయలేదు. తెంపుతుంది, అంతే.

ఇంకో సంగతి. ఈ జాతుల బొచ్చు రెండు పొరలు. లోపల ఒత్తుగా, మెత్తగా ఉన్నిలాంటి పొర. పైన పొడుగ్గా, కాస్త బిరుసుగా, జిడ్డు పట్టిన వెంట్రుకలు. వాన నీళ్లు ఈ పైపొర మీదుగా జారిపోతాయి, చర్మం తడవదు. రంగు, మెరుపు కనిపించేదీ ఈ పై వెంట్రుకల కొసల్లోనే. ఆ కొసలు తెగితే బంగారు మెరుపున్న గోధుమ రంగు కాస్తా ఎలుక రంగుకు మారిపోతుంది. కింద ఏ వస్తువును మెచ్చుకున్నా, వద్దన్నా కారణం ఇదే.

ఇప్పుడు కర్రీ కోంబ్ సంగతి. మెడ పైభాగంలో మొదలుపెట్టి చిన్న చిన్న సున్నాలు చుట్టుకుంటూ వెనక్కి పోవాలి. బరువు చేతిది కాదు, భుజానిది ఉండాలి. రబ్బరు పళ్లు వదులైన వెంట్రుకల్ని ఉండలుగా పైకి తెస్తాయి, చర్మం మీది చుండ్రును కదిలిస్తాయి, జిడ్డును వెంట్రుక పొడుగునా పాకిస్తాయి. నాలుగైదు సున్నాలకోసారి నేలకేసి కొట్టి దులపాలి. మోకాళ్ల కింద, ముఖం మీద, నడుము ఎముకల మీద దీన్ని వాడకూడదు. అక్కడ కండ ఉండదు, నొప్పి పుడుతుంది. ముఖానికి ఇదే రకంలో మెత్తటి చిన్నది వస్తుంది, జెల్లీలా వంగుతుంది. రెండూ కొనండి. హారిక ముఖం మీద వాడటం మొదలుపెట్టాక సెరెన్ తనే తల వంచి ఇస్తోంది. రబ్బరు మరీ మెత్తగా ఉన్నవి మాత్రం పెద్ద బొచ్చు మీద జారిపోతాయి. షాపులో బొటనవేలితో పళ్లు నొక్కి చూడండి, వంగి వెంటనే లేవాలి. ప్లాస్టిక్‌వి అసలు వద్దు. పొడి చలిలో ప్లాస్టిక్ రాపిడికి కరెంటు పుట్టి చిటపటమంటుంది, పోనీ ఉలిక్కిపడుతుంది. ఒకసారి బెదిరిందంటే తర్వాత బ్రష్ చూస్తేనే పక్కకు జరుగుతుంది.

రబ్బరు బొడిపెల గ్లవ్స్ గురించి చాలామంది గొప్పగా చెబుతారు. పొట్ట కింద, తొడల మధ్య, చక్కిలిగిలి పెట్టే చోట్ల బాగున్నాయి. చెయ్యి నేరుగా ఒంటి మీద ఉంటుంది కాబట్టి గడ్డలు, పొక్కులు తెలుస్తాయి. పెద్ద పనికి మాత్రం నెమ్మది. పిల్లల సైజు వెతికి కొనండి, పెద్దవాళ్లవి హారిక చేతికి జారిపోయాయి.

ఇనప పళ్ల షెడ్డింగ్ బ్లేడ్ అని ఒకటుంది. తోలు పిడి మధ్య వంచిన ఇనప పట్టీ, ఒక అంచున పళ్లు. ఫిబ్రవరిలో పోనీ బురదలో దొర్లి వచ్చిన రోజు ఇది చాలా సాయం. ఎండిన బురద, దాంతోపాటు వదులైన బొచ్చు ఒక్క ఈడుపుతో దిగుతాయి. పిరుదులు, భుజాల వంటి కండ ఉన్న చోట, వెంట్రుక వాలిన దిక్కుకే, పట్టీని పడుకోబెట్టి లాగాలి. నిలబెట్టి గీస్తే చర్మం గీరుకుంటుంది. పిల్లల చేతికి ఇవ్వను. మార్చి రాగానే పక్కన పెట్టేయాలి, కింద కొత్త బొచ్చు వస్తుంటుంది.

నాకు బాగా కోపం తెప్పించింది చెక్క పిడి, సన్నటి రంపం పళ్ల బ్లేడు. ఏ కంపెనీదో చెప్పను, ఇలాంటివి చాలా పేర్లతో ఉన్నాయి. పాతిక పౌండ్ల దాకా తీసుకుంటారు. మొదటి రోజు చూస్తే అద్భుతం అనిపిస్తుంది, కాళ్ల దగ్గర బొచ్చు కుప్ప పడుతుంది. ఆ కుప్పలోంచి కాస్త తీసుకుని వెలుతురులో చూడండి. వేరుతో వచ్చిన వెంట్రుకకు ఒక కొస సన్నగా ఉంటుంది, ఇంకో కొసన చిన్న బుడిపె ఉంటుంది. మా కుప్పలో చాలా వెంట్రుకలకు ఆ బుడిపె లేదు, మధ్యలో తెగినవే. వారం తిరిగేసరికి సెరెన్ పక్కటెముకల మీద గీతలు గీతలుగా మసక పట్టీలు కనిపించాయి. పూర్తి వేసవి బొచ్చు వచ్చేదాకా అవి పోలేదు. సరదా స్వారీకి ఉంచుకున్న పోనీకైతే ఫర్వాలేదు. షోకి తీసుకెళ్లే సొంత జాతి పోనీకి మాత్రం దీన్ని తాకనివ్వకండి. ప్యాకెట్ మీద "కత్తిరించదు" అని ఉన్నా సరే.

నల్లటి గరుకు రాయి ఒకటి అమ్ముతారు, ఇటుక ముక్కలా, నురగ రాయిలా ఉంటుంది. బొచ్చు బాగానే పడుతుంది కానీ రాయి అరిగి పొడి రాలుతుంది. దాన్ని దులపడానికి మళ్లీ బ్రష్ పని. సగం మార్కులు.

ఇక వెలుతురు. వస్తువుల్లో కర్రీ కోంబ్ తర్వాత నేను రెండో స్థానం ఇచ్చేది మామూలు టైమర్ ప్లగ్గుకు. రాత్రిళ్లు లోపల ఉండే పోనీకైతే స్టేబుల్లో మంచి బల్బు పెట్టి మొత్తం పదహారు గంటల వెలుతురు అందేలా చేస్తే బొచ్చు వారాల ముందే కదులుతుంది. రేసు గుర్రాలు పెంచేవాళ్లు ఆడ గుర్రాలు ముందుగా ఎదకు రావడానికి ఎప్పటినుంచో చేసే పనే ఇది. వాళ్లు డిసెంబర్ మొదట్లోనే మొదలుపెడతారు. మేము కూడా అప్పుడే పెట్టాం. ఉదయం ఏడింటికి వెలుగుతుంది, బాగా తెల్లవారాక ఆగుతుంది, మళ్లీ మధ్యాహ్నం మూడున్నరకి వెలిగి రాత్రి పదకొండుకు ఆరిపోతుంది. ఆ తర్వాత ఎనిమిది గంటలు నిజమైన చీకటి ఉండాలి. రాత్రంతా వెలిగించి వదిలేస్తే ప్రయోజనం ఉండదు. ఏ మూల నిలబడినా పేపర్ చదువుకోగలిగేంత వెలుతురు ఉండాలని పాతవాళ్ల లెక్క. మధ్యలో మానేయకూడదు. వైర్లు పోనీ నోటికి అందకూడదు, బల్బుకు బోను ఉండాలి. వీటి విషయంలో రాజీ పడకండి.

రాత్రీ పగలూ పొలంలో ఉండే పోనీకి బల్బు కుదరదు. అలాంటివాటికి ఒక కంటికి నీలి వెలుతురు అందించే మాస్కు ఉంది, ఈక్విల్యూమ్ అంటారు. యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్‌లో జరిగిన పరిశోధన నుంచి వచ్చింది. మాకు అవసరం పడలేదు, ఖరీదు కూడా ఎక్కువే. కాబట్టి దానికి మార్కులు వేయను.

వెలుతురుతో బొచ్చు ముందే దించితే చలి బాధ్యత మనది. ఫిబ్రవరి వానలో సగం బొచ్చుతో పోనీని బయట వదలలేం. చదరపు మీటరుకు 200 గ్రాముల పాలిస్టర్ నింపిన మీడియం రగ్గు వేశాం. రగ్గులో చూడాల్సింది లోపలి గుడ్డ. భుజాల దగ్గర నునుపుగా, జారేలా ఉండాలి. గరుకుగా ఉంటే నడిచినప్పుడల్లా రాసుకుని భుజం మీద అరచేయంత బోడి మచ్చ పడుతుంది. అక్కడ మళ్లీ వెంట్రుక రావడానికి షోల సీజన్లో సగం పోతుంది. మాకు భుజాలు సన్నగా ఉన్న రగ్గు వచ్చింది. వెనక్కి ఇచ్చి, మెడ కోత లోతుగా ఉన్నది తీసుకున్నాం. ఈ పోనీలకు మెడ లావు, భుజం వెడల్పు. మామూలు గుర్రపు కొలతతో చేసినవి పట్టవు. కాబ్ రకం కొలతతో చేసినవే అడగండి. ఇంకోటి, రగ్గు వేశాం కదా అని చూడటం మానకూడదు. రోజూ చెయ్యి లోపల పెట్టి చూడాలి, చెమట పడితే పలచటిది మార్చాలి.

డిసెంబర్‌లోనే వేసవి బొచ్చుతో కనపడాల్సిన పోనీలు కూడా ఉన్నాయి. లండన్ ఇంటర్నేషనల్ హార్స్ షోలో జరిగే మౌంటెన్ అండ్ మూర్‌ల్యాండ్ ఫైనల్ అప్పుడే. ఆ షో ఇదివరకు లండన్‌లోని ఒలింపియా హాల్లో జరిగేది, 2021 నుంచి అక్కడే ఎక్సెల్ అనే ప్రదర్శనశాలలో జరుగుతోంది. దానికి వెళ్లేవాళ్లు పగలు తగ్గకముందే, ఎండాకాలం చివరి నుంచే లైట్లు, రగ్గులు మొదలుపెడతారు. వచ్చిన బొచ్చు దించడం ఒకటి, రాకుండా ఆపడం ఇంకొకటి. రెండోది నాకు అనుభవం లేని పని కాబట్టి దాని జోలికి పోను.

క్లిప్పింగ్ సర్వీసు గురించి చాలామంది అడిగారు. మిషన్ పెట్టి ఒళ్లంతా తీసేసే మనిషి ఇంటికొస్తారు, యాభై పౌండ్ల చుట్టూ తీసుకుంటారు. ఒక్క పూటలో పని అయిపోతుంది. మా యార్డ్ (గుర్రపుశాల) ఓనరమ్మ ఏళ్లుగా వెల్ష్ కాబ్‌లను రింగులో నడిపించిన మనిషి. "జనవరి దాటాక మిషన్ పెట్టొద్దు, అప్పటికే కింద వేసవి వెంట్రుక మొలుస్తుంటుంది, దాని కొసలు కూడా తెగిపోతాయి" అని ఆవిడ మాట. ఆవిడ యార్డ్‌లో పక్క గదిలో ఉండే, జనవరి మొదట్లో క్లిప్ చేసిన ఒక పోనీని నేను చలికాలమంతా చూశాను. మొదటి మూడు నాలుగు వారాలు మసక రంగులో ఉంది, ఆ తర్వాత చక్కగా వచ్చింది. అంటే సమయం చూసి చేస్తే తప్పు లేదు. కాళ్ల బొచ్చు, జూలు మాత్రం తాకకూడదని ముందే గట్టిగా చెప్పాలి. దవడ కింద గడ్డంలా పెరిగే వెంట్రుకలు వెల్ష్‌కు కాస్త సర్దితే చూసీచూడనట్టు వదిలేస్తారు. ఎక్స్‌మూర్, హైలాండ్ వంటివాటికి అదీ ఒప్పుకోరు. మీ జాతి సంఘం రూల్సు చదవండి. నా వరకు బొచ్చు చేత్తో దించడమే నచ్చింది. సెరెన్‌ది బే రంగు (గోధుమ ఒళ్లు, నల్ల జూలు), తెగిన కొస దాని మీద వెంటనే బయటపడుతుంది. పైగా రోజూ గంటసేపు ఒంటి మీద చెయ్యి పడటం వల్ల మా అమ్మాయికీ దానికీ మధ్య పెరిగిన చనువు ఏ సర్వీసుతోనూ రాదు.

రోజూ గంటసేపు అన్నానా, అందులో సగం బాడీ బ్రష్‌దే. మార్చి నుంచి పని దానిది. పొట్టిగా, ఒత్తుగా, సహజమైన కుచ్చు ఉన్నది కొనండి. పిడికిలిలో పట్టే సైజు. రెండో చేతిలో ఇనప కర్రీ కోంబ్ పట్టుకుని నాలుగు ఈడ్పులకోసారి బ్రష్‌ను దాని మీద గీకాలి. ఇనపది బ్రష్ శుభ్రం చేయడానికే, పోనీ ఒంటికి కాదు. కొత్తగా వచ్చినవాళ్లకు ఈ తేడా ఎవరూ చెప్పరు.

ఫిబ్రవరిలో మా నాన్న అద్దంకి దగ్గర నుంచి మా ఇంటికి వచ్చారు. వయసులో ఉన్నప్పుడు ఒంగోలు ఎద్దుల్ని పెంచిన మనిషి. యార్డ్‌కు తీసుకెళ్తే కాసేపు చూసి, మూలనున్న ఎండుగడ్డి గుప్పెడు తీసుకుని తాడులా మెలిపెట్టి చుట్ట చేశారు. నీళ్లు చిలకరించి సెరెన్ మెడ మీద రుద్దడం మొదలుపెట్టారు. ఓనరమ్మ ఆగిపోయి చూసింది. ఇక్కడ కూడా పాతకాలంలో సరిగ్గా అదే చేసేవాళ్లు, దాన్ని విస్ప్ అంటారు, ఇప్పుడు చేసేవాళ్లు తక్కువ. తడి గడ్డి చుట్టతో మెడ, భుజం, పిరుదుల మీద తడుతూ రుద్దితే రక్తం ఆడుతుంది, చర్మపు నూనె వెంట్రుకకు ఎక్కుతుంది. నడుము మీద, పొట్ట మీద తట్టకూడదు. నాన్న వెళ్లిపోయాక కూడా హారిక మానలేదు, "తాతయ్య చుట్ట" అని పేరు పెట్టుకుంది. ఖర్చు సున్నా. మెరుపు విషయంలో డబ్బాలో దొరికే దేనికన్నా ముందుంది. గడ్డిలో దుమ్ము, బూజు లేకుండా చూసుకుంటే చాలు.

జిడ్డు తీయడానికి వేడి గుడ్డ. ఇది ఈ దేశపు యార్డుల్లో అందరికీ తెలిసిన పద్ధతి, షాపువాళ్లు మాత్రం చెప్పరు, అమ్మడానికి ఏమీ ఉండదు కదా. బకెట్లో చెయ్యి పెట్టగలిగినంత వేడి నీళ్లు, అందులో మూతెడు బేబీ ఆయిల్. పాత టవల్ ముక్క ముంచి, ఇంక నీరు కారదు అనేంత గట్టిగా పిండాలి. వెంట్రుకకు ఎదురుగా ఒకసారి, వాలుగా ఒకసారి రుద్దాలి. గుడ్డ బూడిద రంగుకు మారుతుంది. ఒక చోటు అయ్యాక అక్కడ పలచటి రగ్గు కప్పి పక్కకు జరగాలి. చల్లటి రోజుల్లో పూర్తి స్నానం చేయిస్తే తడి ఆరదు, వాన నుంచి కాపాడే జిడ్డు మొత్తం పోతుంది. వేడి గుడ్డతో మురికి వస్తుంది, పోనీ వణకదు. షాంపూ స్నానం మేము ఎండ వచ్చిన రోజు చూసి, షోకి మూడు రోజుల ముందు చేయించాం. మర్నాడే షో పెట్టుకుంటే బొచ్చు పొంగి నిలబడిపోతుంది, సర్దుకోవడానికి సమయం కావాలి.

తిండిలో అవిసె గింజల పొడి. వేడితో ఉడికించి అమ్మేది, మైక్రోనైజ్డ్ లిన్‌సీడ్ అంటారు. పచ్చి గింజలు నేరుగా పెట్టకూడదు. రోజుకు చిన్న కప్పుడు. ఫలితం కనపడటానికి ఆరేడు వారాలు పడుతుంది. అందమైన డబ్బాల్లో బొచ్చు మెరుపుకని అమ్మే పొడుల వెనక పదార్థాల పట్టిక చదవండి, చాలావాటిలో మొదటి పేరు ఇదే, ధర మాత్రం ఎన్నో రెట్లు. ఈ జాతులు కొండల మీద గడ్డిపోచలు తిని బతికినవి. ఎక్కువ పెడితే వెంటనే కొవ్వు పడుతుంది, దాని వెంట గిట్టల లోపల వాచి కుంటిచేసే లామినైటిస్ వస్తుంది. మెరుపు కోసం గిట్టల్ని పణంగా పెట్టకండి. వసంతపు పచ్చగడ్డి మొదలవగానే మేము అవిసె ఆపేశాం.

కాళ్ల సంగతి వేరు. సెక్షన్ సి కి గిట్టల పైన సిల్కులాంటి బొచ్చు ఉంటుంది, ఫెదర్ అంటారు. మా దానికి అది పాల తెలుపు, చలికాలమంతా బురద. దీనికి పిగ్ ఆయిల్ రాశాం. పంది కొవ్వు కాదు, పందుల్ని ప్రదర్శనలకు మెరిపించడానికి వాడుతూ వచ్చిన మినరల్ ఆయిల్. రాస్తే బురద అంటదు, అంటినా ఎండాక రాలిపోతుంది. గంధకం కలిపినది కూడా వస్తుంది, కాళ్ల పురుగుకు మంచిదని వాడతారు. ముందు పోనీ మోచేతి వెనక కాస్త రాసి, ఒక రోజు ఆగి, దద్దురు రాకపోతేనే వాడాలి. ఎండ ఎక్కువున్న రోజుల్లో తెల్ల కాళ్లకు వద్దు, చర్మం గులాబీ రంగుది, కాలుతుంది. ఐదు లీటర్ల డబ్బా ఒక చలికాలానికి ఎక్కువే. నేను మళ్లీ కొంటాను. షోకి ముందు వారం మాత్రం ఆపేసి, గిన్నెలు కడిగే లిక్విడ్‌తో జిడ్డు పూర్తిగా వదిలించాలి. జిడ్డు మిగిలితే కాళ్లు తెల్లగా కనపడటానికి వేసే చాక్ పొడి ముద్దగా, బూడిద రంగుగా అంటుకుంటుంది. చాక్ కూడా కాళ్లు పూర్తిగా ఆరాకే, వేళ్లతో లోపలికి రుద్ది, మిగిలింది దులిపేయాలి. నడుస్తుంటే తెల్లటి మేఘం లేస్తే జడ్జి కళ్లకు ముందు ఆ మేఘమే కనిపిస్తుంది.

మెరుపు స్ప్రేలు. సిలికాన్ ఉన్నవి తోకకు, జూలుకు చాలా బాగున్నాయి, చిక్కు పడదు. జీను పెట్టే చోట మాత్రం చుక్క కూడా పడనివ్వకండి. జీను జారుతుంది, పైన ఉన్నది మన పిల్ల. ఒంటికి స్ప్రే కొట్టి నిగారింపు తెచ్చిన పోనీని, చేత్తో తోమి తెచ్చిన పోనీని పక్కపక్కన నిలబెడితే ఎవరికైనా తేడా తెలుస్తుంది.

మార్చి చివర ఇండోర్ షో నాటికి సెరెన్ మెడ, భుజాలు, పిరుదులు పూర్తిగా వేసవి బొచ్చుకు వచ్చేశాయి. పొట్ట కింద, డొక్కల్లో పాతది ఇంకా మిగిలి ఉంది. ఎప్పుడూ అవే చివర పోతాయి. మా క్లాసులో (పోటీ విభాగంలో) మూడో స్థానం వచ్చింది. ట్వీడ్ కోటు వేసుకుని, సాదా గోధుమ రంగు కళ్లెంతో హారిక దాన్ని జడ్జి ముందు నిలబెట్టినప్పుడు ఆ జడ్జి సెరెన్ మెడ మీద చెయ్యి వేసి, ఒకసారి కిందికి నిమిరి, తల ఊపింది. నాకు ఆ నిమరడం చాలు.

ఒంటి మీద బొచ్చు దించుతుంటే దాని కింద ఏముందో కూడా చూడండి. ఫిబ్రవరి, మార్చిల్లో పేలు పడతాయి. జూలు మొదట్లో, తోక మొదట్లో చర్మం దగ్గరగా చూస్తే కనిపిస్తాయి, పోనీ కంచెకు రాసుకుంటుంటే అదే గుర్తు. వీపు మీద కుచ్చుల్లా అట్టలు లేస్తే అది తడి వల్ల వచ్చే రెయిన్ స్కాల్డ్, అక్కడ బ్రష్ ఆపి వెట్‌ను (పశువుల డాక్టర్‌ను) అడగాలి. పదిహేనేళ్లు దాటిన పోనీ మే వచ్చినా బొచ్చు వదలకపోతే అది బ్రష్ లోపం కాదు. కుషింగ్స్ (పీపీఐడీ) అనే హార్మోన్ల జబ్బుకు అది పెద్ద గుర్తు. రక్త పరీక్షతో తెలుస్తుంది, మందు ఉంది.

చివరగా ఒక హెచ్చరిక. సెకండ్ హ్యాండ్ బ్రష్‌లు చవగ్గా దొరుకుతాయి, యార్డ్‌లో పక్కవాళ్లూ ప్రేమగా ఇస్తారు. తీసుకోకండి. రింగ్‌వర్మ్ అనే తామర బ్రష్‌ల ద్వారా కూడా ఒక పోనీ నుంచి ఇంకో పోనీకి పాకుతుంది, పిల్లల చేతులకూ అంటుతుంది. షోలకు కూడా రానివ్వరు. మా డబ్బా మీద సెరెన్ పేరు పెద్ద అక్షరాలతో రాశాం. ఎవరికీ ఇవ్వం, ఎవరిదీ తీసుకోం. నెలకోసారి అన్నింటినీ ఫంగస్‌ను చంపే డిసిన్ఫెక్టెంట్ కలిపిన నీళ్లలో నానబెట్టి, కుచ్చు కిందికి ఉండేలా ఎండలో ఆరబెడతాం. చెక్క వీపు ఉన్న బ్రష్‌ను మాత్రం పూర్తిగా ముంచకండి, చెక్క చీలిపోతుంది. కుచ్చు మునిగేంత నీళ్లు పళ్లెంలో పోసి అందులో ఆడించి తీయండి.